పశువుల ఎరువును యంత్రంతో చల్లడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగాది దాటిందంటే పల్లెల్లో పెంట తోలుడు మొదలవుతుంది. ఎవరిని కదిపినా ఎన్ని ట్రాలీలు తోలారో లెక్క చెబుతారు. ఆ ఎరువు పొలమంతా సమంగా పడిందా, పడ్డాక ఎన్నాళ్లకు మట్టిలో కలిసింది అని అడిగితే మాత్రం జవాబు రాదు. పంటకు అందేది తేలేది ఈ రెండింటి దగ్గరే. కూలీలు దొరక్క ఎరువు చల్లే యంత్రాల వైపు చూస్తున్న రైతులు తరచూ అడిగే ప్రశ్నలు ఇవి.

ఈ యంత్రం ఎలా పనిచేస్తుంది? మామూలు ట్రాలీకి దీనికి తేడా ఏమిటి?

చూడటానికి ట్రాలీలాగే ఉంటుంది. తేడా అడుగున, వెనకాల ఉంటుంది. తొట్టి అడుగున ఇనుప పట్టీలు బిగించిన చైను నెమ్మదిగా కదులుతూ ఎరువును వెనక్కి నెడుతుంది. వెనక పళ్లున్న బీటర్లు వేగంగా తిరుగుతూ ఆ ఎరువును చీల్చి, పొడిచేసి, వెదజల్లుతాయి. బీటర్లకు కావలసిన శక్తి ట్రాక్టర్ వెనక తిరిగే పీటీవో షాఫ్టు నుంచి వస్తుంది. చైను వేగాన్ని తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఎకరాకు ఎంత పడాలన్నది ఆ వేగం, ట్రాక్టర్ నడిచే వేగం కలిసి నిర్ణయిస్తాయి.

ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1899లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మరియా స్టైన్ అనే పల్లెలో జోసెఫ్ ఒప్పెన్‌హైమ్ అనే బడిపంతులు, బండి వెడల్పును మించి ఎరువును చిమ్మే యంత్రాన్ని తయారుచేశాడు. అంతకుముందున్న యంత్రాలు ఎరువును తమ వెనకే ఒక పట్టీలా రాల్చేవి. పొలంలో పెంట చల్లడానికి పిల్లలు బడి ఎగ్గొడుతున్నారనే బాధతోనే పంతులు ఈ పనికి పూనుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు.

ఎన్ని రకాలున్నాయి? నాకు ఏది సరిపోతుంది?

బీటర్లు అడ్డంగా ఉన్నవి చవక, మరమ్మతు తేలిక. కానీ ఎరువు యంత్రం వెడల్పుకు కాస్త అటూ ఇటూ మాత్రమే పడుతుంది. బీటర్లు నిలువుగా ఉన్నవి ఆరేడు మీటర్ల వెడల్పున చల్లుతాయి, ఉండలను కూడా బాగా చీలుస్తాయి. వెనక తిరిగే పళ్లాలున్న యంత్రాలు ఇంకా దూరం విసురుతాయి గానీ వాటికి ఎరువు పొడిగా, మెత్తగా ఉండాలి. కోళ్ల ఎరువుకు, జల్లించిన కంపోస్టుకు అవి బాగుంటాయి. గడ్డి కలిసిన తడి పెంట వేస్తే చిక్కుకుంటుంది. పక్కకు విసిరే రకం తోటలకు పనికొస్తుంది.

మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే 45, 50 హెచ్‌పీ ట్రాక్టర్‌తో మూడు టన్నుల యంత్రాన్ని లాగొచ్చు. అంతకన్నా పెద్దది తగిలిస్తే రోడ్డు మీద బాగానే ఉంటుంది, దుక్కిలో దిగాక తెలుస్తుంది. కొనేముందు యంత్రం మోసే బరువును కాక, నిండా నింపాక యంత్రంతో కలిపి ఎంత బరువవుతుందో అడగండి.

కుప్పలు పోసి మనుషులతో చల్లిస్తే ఏం పోయింది? తాతల కాలం నుంచి అదేగా?

సమంగా చల్లిస్తే ఏమీ పోలేదు. చిక్కంతా కుప్పలు పోసి వదిలేయడంలోనే ఉంది. కూలీలు దొరికేదాకా కుప్పలు రెండు మూడు వారాలు ఎండలో మాడతాయి. ఈలోగా ఒక అకాల వాన పడితే కుప్పలోని సారం కిందికి దిగి అక్కడికక్కడే ఇంకుతుంది. తర్వాత ఎంత చల్లినా కుప్ప ఉన్నచోటు వేరు, మిగతా పొలం వేరు. వరి పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఈ సంగతి ఇట్టే తెలిసిపోతుంది. కుప్ప ఉన్నచోట పైరు ముదురాకుపచ్చగా, ఏపుగా ఎదిగి, అగ్గితెగులు ముందు అక్కడే కనిపించి, చివరికి గాలికి పడిపోయేదీ అక్కడే. మధ్యలో పైరు పాలిపోయి ఉంటుంది.

యంత్రం వల్ల మొదటి లాభం సమంగా పడటం. కూలి ఆదా దాని తర్వాతి మాట. గొర్రెల మంద కట్టించుకున్న పొలాలు ఎందుకు బాగుంటాయో కూడా ఇక్కడే తెలుస్తుంది. గొర్రెలు రాత్రంతా కదులుతూ ఎరువును పొలమంతా చల్లుతాయి, మూత్రం నేరుగా నేలకు చేరుతుంది. మందలు దొరికే ఊళ్లో ఏ యంత్రమూ వాటికి సాటి రాదు.

ఎకరాకు ఎంత ఎరువు వేయాలి?

పొలం పంటలకు బాగా చివికిన పశువుల ఎరువు ఎకరాకు 4 టన్నులు, కూరగాయలకు 8 నుంచి 10 టన్నులు అన్నది సాధారణ సిఫారసు. 4 టన్నుల లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక. ఎకరా 4,047 చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకు ఒక కిలో పడితే ఎకరాకు 4 టన్నులు పడ్డట్టే. గుంటల్లో అయితే గుంటకు 100 కిలోలు, సెంట్లలో అయితే సెంటుకు 40 కిలోలు.

ట్రాలీల్లో లెక్కేసేవాళ్లు ఒక్కసారి తూకం వేయించుకోవడం మంచిది. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తున్న తొట్టి నిండితే 120 ఘనపుటడుగులు, అంటే సుమారు 3.4 ఘనపు మీటర్లు. చివికిన ఎరువు ఘనపు మీటరుకు 600 కిలోలు తూగితే ట్రాలీ రెండు టన్నులు. కానీ ఆ 600 అన్నది తడిని బట్టి మారిపోతుంది. కాటా దూరమైతే 20 లీటర్ల బకెట్‌తో తెలుసుకోవచ్చు. బకెట్ నిండా ఎరువు మామూలుగా పోసి తూచి, వచ్చిన కిలోలను 50తో గుణించండి. 12 కిలోలు వస్తే ఘనపు మీటరుకు 600. తడిసిన ఎరువు కొంటే నీళ్లకు డబ్బు కడుతున్నట్టే.

యంత్రం ఎంత చల్లుతోందో ఎలా తెలుస్తుంది?

డ్రైవర్ అంచనా మీద వదలకండి. సీజన్ మొదట్లో ఒకసారి, ఎరువు మారినప్పుడల్లా ఒకసారి పరీక్షించాలి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పున్న టార్పాలిన్ పట్టాను పొలంలో పరిచి, మూలల్లో మట్టిపెళ్లలు పెట్టండి. అంచులకు మేకులు కొట్టొద్దు, టైరుకు గుచ్చుకుంటాయి. యంత్రం రోజూ పనిచేసే వేగంతోనే దాని మీదుగా వెళ్లాలి. రెండు పక్కలా వచ్చే సాళ్లు కూడా పూర్తయ్యాకే పట్టా తీయాలి. లేకపోతే పక్క సాళ్ల నుంచి పడేది లెక్కలోకి రాదు. పట్టా మీద పడిన ఎరువును తూచి నాలుగుతో భాగిస్తే చదరపు మీటరుకు ఎంత పడిందో వస్తుంది. 4 కిలోలు ఉంటే ఎకరాకు 4 టన్నులు. 7 కిలోలుంటే 7 టన్నులు. పట్టాను పొలంలో మూడు చోట్ల పరిస్తే ఇంకా మంచిది.

ఇంకో దారి ఉంది. 3 టన్నుల లోడు ఆరు మీటర్ల వెడల్పున పడుతుంటే, ఎకరాకు 4 టన్నుల చొప్పున అది సుమారు 500 మీటర్ల దూరంలో ఖాళీ కావాలి. 300 మీటర్లకే అయిపోతే మందంగా పడుతోంది, చైను వేగం తగ్గించాలి. ట్రాక్టర్ వేగం తెలుసుకోవాలంటే 30 మీటర్లు కొలిచి రెండు కొయ్యలు పాతండి. ఆ దూరం 27 సెకన్లలో దాటితే గంటకు 4 కిలోమీటర్లు. ఎక్కువ తక్కువలు సరిచేయాలంటే చైను వేగాన్నో గేరునో మార్చాలి గానీ ఇంజన్ రేజు తగ్గించకూడదు. రేజు తగ్గితే బీటర్లూ నెమ్మదిస్తాయి, ఎరువు పెళ్లలుగా పడుతుంది.

మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా పడుతోంది. యంత్రం చెడిపోయిందా?

చెడిపోలేదు. దాదాపు అన్ని యంత్రాలూ అలాగే చల్లుతాయి. అందుకే సాళ్లు ఒకదాని మీదికి ఒకటి కొంత రావాలి. మధ్యలో పడేదానిలో సగం పడే చోటును అంచుగా లెక్కపెట్టి, రెండు సాళ్ల అంచులు అక్కడ కలిసేలా నడపండి. మొత్తం ఎనిమిది మీటర్ల వెడల్పున చల్లే యంత్రానికి ఆరు మీటర్ల సాలు వేసుకోవడం అలాంటిదే. లోడు మొదట్లోనూ చివర్లోనూ కూడా పలచబడుతుంది. ఖాళీ అయినచోట గుర్తు పెట్టి, తర్వాతి లోడు అక్కడికి కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి.

ఎరువు చివికిందో లేదో ఎలా గుర్తుపట్టాలి? పచ్చిది చల్లితే ఏమవుతుంది?

చివికిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది, పేడ వాసన పోయి తడిసిన మట్టి వాసన వస్తుంది. గడ్డిపరక పట్టి లాగితే తెగుతుంది. కుప్ప మధ్యలో ఒక ఇనుప కడ్డీ దించి పది నిమిషాలయ్యాక తీసి పట్టుకుంటే వేడిగా తగలకూడదు.

యంత్రం పచ్చిపేడనైనా చల్లుతుంది, అదే దానితో ప్రమాదం. చేత్తో చల్లేటప్పుడు కూలీలే వద్దని చెబుతారు, యంత్రం చెప్పదు. గడ్డి ఎక్కువున్న పచ్చి ఎరువు మట్టిలో కలిస్తే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనిని కూడా వాడుకుంటాయి. కొన్ని వారాలు పైరు పచ్చబడదు. ఎరువు వేసినా పసుపు పచ్చగా ఉందేమిటని యూరియా మీద యూరియా వేసేవాళ్లు చాలామంది. చెదలు, వేరుపురుగు కూడా పచ్చి పెంటతోనే వస్తాయి. వేరుశనగ వేసే ఎర్రనేలల్లో ఇది చిన్న సంగతి కాదు. కొబ్బరి తోటలున్న కోనసీమలో అయితే కొమ్ముపురుగు పిల్లలు పెరిగేదే పెంటకుప్పల్లో. కుప్ప తిరగేసేటప్పుడు తెల్లగా, లావుగా, వంకర తిరిగి కనిపించేవి అవే. ఏరి చంపాలి, లేదా కుప్పలో మెటారైజియం శిలీంధ్రం కలపాలి.

కలుపు విత్తనాల సంగతి ఇంకా పెద్దది. వయ్యారిభామను పువ్వుతో సహా కోసి పెంటలో వేస్తే, వచ్చే ఏడు దాన్ని యంత్రంతో పొలమంతా విత్తినట్టే. సర్కారు తుమ్మ కాయలు తిన్న మేకల ఎరువులో ఆ గింజలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఇవి చావాలంటే కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుట్టాలి, అది కుప్ప అంతటికీ అందాలి. అంటే జేసీబీతో ఒకటి రెండుసార్లు తిరగేయాలి, బయటిది లోపలికి వెళ్లాలి. తడి కూడా సరిపోవాలి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు. ఇలా మాగితే కుప్ప బరువు దాదాపు సగమవుతుంది. తగ్గిందని దిగులు పడొద్దు. తోలే ఖర్చు కూడా సగమే.

కోళ్ల ఎరువు కూడా ఇదే లెక్కన చల్లొచ్చా?

అస్సలు వద్దు. పశువుల ఎరువు టన్నులో సుమారు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటాయి. కోళ్ల ఎరువు టన్నులో నత్రజని 30 కిలోల దాకా, భాస్వరం 25 కిలోల పైన, పొటాష్ 14 కిలోల దాకా ఉండొచ్చు. ఒక్క టన్ను కోళ్ల ఎరువు నత్రజనిలో నాలుగు టన్నుల పశువుల ఎరువును మించుతుంది. పశువుల ఎరువుకు పెట్టిన సెట్టింగుతోనే కోళ్ల ఎరువు చల్లితే మొలక మాడిపోతుంది. రైతులు దాన్ని వేడి ఎరువు అనడం ఊరికే కాదు.

మాగబెట్టి, ఎకరాకు టన్ను చుట్టుపక్కల చల్లి, వెంటనే దున్ని, విత్తడానికి రెండు మూడు వారాలు ఆగండి. కోళ్ల ఎరువు తేలిక కాబట్టి గాలికి దుమ్ములా ఎగురుతుంది. గాలి లేని సాయంత్రం చల్లడం, డ్రైవర్ ముక్కుకు మాస్కు కట్టుకోవడం తప్పనిసరి. ఫారం నుంచి వచ్చే లోడులో చచ్చిన కోళ్లుంటే ఆ లోడు దించనివ్వొద్దు. కుక్కలు, ఈగలు, ఊళ్లో గొడవలు అన్నీ దాని వెంటే వస్తాయి. ఏటా అదే పొలంలో కోళ్ల ఎరువు వేస్తుంటే భాస్వరం పేరుకుపోతుంది. భూసార పరీక్షలో భాస్వరం ఎక్కువ అని వస్తే డీఏపీ మానేయొచ్చు.

చల్లాక ఎంతసేపట్లో దున్నాలి?

అదే రోజు. కోళ్ల ఎరువు, పచ్చి ఎరువు, స్లర్రీ (నీళ్లలా జారే పేడ) అయితే చల్లుతున్న వెనకే ఇంకో ట్రాక్టర్ కల్టివేటర్‌తో రావాలి. ముక్కుకు ఘాటుగా తగిలే ఆ వాసన అమ్మోనియా, అంటే మీరు డబ్బిచ్చి కొన్న నత్రజని గాల్లో కలుస్తోంది. ఎండ, గాలి, క్షార స్వభావం ఉన్న నేల మూడూ కలిస్తే నష్టం ఎక్కువ. బాగా చివికిన ఎరువులో నత్రజని చాలావరకు సేంద్రియ రూపంలోనే ఉంటుంది కాబట్టి ఇంత త్వరగా పోదు. కానీ దాన్నీ ఎండలో వదలడం వల్ల లాభమేమీ లేదు. నెదర్లాండ్స్, డెన్మార్క్ వంటి దేశాల్లో స్లర్రీని గాల్లోకి చిమ్మడాన్నే నిషేధించారు, గొట్టాలతో నేల మీదనో నేల లోపలో పోయాలి.

లోతుగా దున్నాల్సిన పనిలేదు. పై నాలుగైదు అంగుళాల్లో కలిస్తే చాలు. మట్టిని తిరగేసే మోల్డ్‌బోర్డు నాగలితో అడుగుకు తోసేస్తే మొదట వేళ్లకు అందదు.

ఎప్పుడు చల్లాలి? వాన పడ్డాక నల్లరేగడిలోకి యంత్రం దించొచ్చా?

వర్షాధారానికి వేసవి దుక్కుల తర్వాత, రోహిణి కార్తెలో చల్లి గుంటకతోనో కల్టివేటర్‌తోనో కలిపేస్తే మృగశిర వానకు నేల సిద్ధంగా ఉంటుంది. కాలువ కింద వరికి దమ్ముకు ముందు, నేల ఇంకా పొడిగా ఉన్నప్పుడే చల్లాలి. దమ్ములో పచ్చి ఎరువు వేయడం మరీ చెడ్డది. నీళ్ల కింద గాలి అందక కుళ్లి మీథేన్ వస్తుంది, నారు వేళ్లూ దెబ్బతింటాయి.

తడి నల్లరేగడిలోకి దించకండి. లోడుతో ఉన్న యంత్రం, ట్రాక్టర్ కలిపి అయిదారు టన్నులు దాటతాయి. ఆ బరువుకు నేల లోపల గట్టి పొర ఏర్పడితే ఎరువు వల్ల వచ్చిన మేలు టైరు కింద పోయినట్టే. జానెడు లోతు మట్టి తీసి అరచేతుల మధ్య నులిమితే తాడులా సాగుతుంటే ఇంకా తడి ఉంది, ఆగండి. ముక్కలైతే దించండి.

వాలు పొలంలో పెద్ద వాన ముందు చల్లితే ఎరువు చెరువులోకి పోతుంది. బోరు, బావి, కాలువ గట్ల పక్కన కొంత పట్టీ వదిలేయండి.

ఇన్ని టన్నులు వేశాను కదా, యూరియా మానేయొచ్చా?

లెక్క చూడండి. 4 టన్నుల పశువుల ఎరువులో ఉన్న నత్రజని 20 కిలోలు. అందులో మొదటి పంటకు అందేది మూడో వంతు, ఆరేడు కిలోలు. అంటే 15 కిలోల యూరియాతో సమానం, బస్తాలో మూడో వంతు. భాస్వరం, పొటాష్ ఎక్కువ భాగం మొదటి ఏడే అందుతాయి. పొటాష్ అయితే 14 కిలోల దాకా వస్తుంది. కాబట్టి పొటాష్ బాగా తగ్గించొచ్చు, యూరియా కొద్దిగానే. ఒకేసారి మానేస్తే దిగుబడి పడిపోయి ఎరువు మీదే నమ్మకం పోతుంది.

పశువుల ఎరువును బస్తాలతో పోల్చి విలువ కట్టడం దానికి అన్యాయం. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువున్న నేలలు మన దగ్గర కోకొల్లలు. అక్కడ ఎరువు చేసే పని నీరు నిలపడం, నేలను గుల్లగా ఉంచడం, సూక్ష్మపోషకాలు అందించడం. వాన మొహం చాటేసిన పది రోజుల్లో పక్క పొలం వాడిపోయి మీ పొలం నిలబడితే, ఆ లాభం ఏ బస్తా మీదా రాసి ఉండదు.

గోబర్ గ్యాస్ స్లర్రీని ఎలా చల్లాలి?

ట్యాంకరుతో. వాక్యూమ్ పంపున్న ట్యాంకర్లు గుంతలోంచి తామే లాగి, వెనక గొట్టంతో పోస్తాయి. పెద్ద డెయిరీలకు ఇది గిట్టుబాటు. ఇంటి గ్యాసుకు రెండు మూడు పశువులున్నవాళ్లు స్లర్రీని ఆకులు, గడ్డి మీద పోసి కంపోస్టులో కలపడం మేలు. నిలబడిన పైరు మీద ఎండలో పోయకండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. స్లర్రీ గుంతలోకి ఎవరూ దిగొద్దు. కలియబెట్టగానే హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి వస్తుంది. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. వాసన పోయిందని దిగినవాళ్లు, వాళ్లను కాపాడబోయి దిగినవాళ్లు కూడా పోతారు. పైపు మూసుకుపోతే బయట నుంచే కడ్డీతో తీయండి.

పట్టణాల చెత్త కంపోస్టు, బయోగ్యాస్ ప్లాంట్ల ఎరువు వాడొచ్చా?

ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో చెత్త కంపోస్టుకు ప్రమాణాలున్నాయి. కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, ఆర్సెనిక్ 10 మించకూడదు. సంచి మీద వివరాలు, పరీక్ష నివేదిక లేని సరుకు ఉచితంగా ఇచ్చినా వద్దు. గుప్పెడు తీసి నీళ్లలో వేసి చూడండి. గాజు పెంకులు, ప్లాస్టిక్ తునకలు కనిపిస్తే అవి మీ పొలంలో మీ మనవల కాలం దాకా ఉంటాయి. యంత్రం వాటిని ఇంకా చిన్న ముక్కలు చేసి ఇంకా దూరం చల్లుతుంది.

బయోగ్యాస్ ప్లాంట్ల నుంచి వచ్చే పులియబెట్టిన సేంద్రియ ఎరువు అమ్మకానికి టన్నుకు 1,500 రూపాయల సాయం ఇవ్వాలని కేంద్రం 2023లో నిర్ణయించింది. అలాంటి ప్లాంటు దగ్గర్లో ఉంటే ధర అడగండి. తడి, రవాణా కలిపి లెక్కేశాకే నిర్ణయించుకోండి.

ఘనజీవామృతం దీంతో చల్లొచ్చా?

కష్టం. పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుల పిండి కలిపి ఆరబెట్టే ఈ ఎరువు ఎకరాకు వేసేది మామూలుగా 200 నుంచి 400 కిలోలు. 400 అనుకున్నా చదరపు మీటరుకు 100 గ్రాములే. టన్నుల లెక్కన చల్లే బీటర్ యంత్రం అంత పలచగా చల్లలేదు. బాగా ఆరబెట్టి జల్లిస్తే, గుళికల ఎరువులు చల్లే చిన్న పళ్లెం యంత్రంతో చల్లొచ్చు. లేదా చేత్తోనే. దీనికి చెయ్యే మెరుగు.

మామిడి, బత్తాయి తోటలకు?

పక్కకు విసిరే యంత్రంతో చెట్ల వరుస వెంట, కొమ్మల నీడ అంచున ఒక పట్టీలా పడేలా చూడండి. మొదలుకు ఆనించొద్దు. డ్రిప్ పైపులు ముందే చుట్టేయాలి.

పచ్చిగా తినే కూరల పొలంలో?

కొత్తిమీర, క్యారెట్, ముల్లంగి, ఉల్లికాడల వంటివాటికి పూర్తిగా మాగిన ఎరువు తప్ప ఏదీ వద్దు. అమెరికా సేంద్రియ ధ్రువీకరణ నిబంధనల్లో పచ్చి ఎరువు వేశాక, మట్టిని తాకే కూరలను 120 రోజులు, తాకనివాటిని 90 రోజులు గడిచాకే కోయాలి. 40 రోజుల కొత్తిమీరకు ఆ గడువు ఎక్కడ కుదురుతుంది?

రోజుకు ఎన్ని ఎకరాలు అవుతాయి?

అమ్మేవాళ్లు చెప్పే లెక్క చల్లే సమయం మీద ఉంటుంది. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో 3 టన్నుల లోడు ఎనిమిది నిమిషాల్లోపే ఖాళీ అవుతుంది. మిగతా కాలమంతా నింపడానికి, రాకపోకలకు పోతుంది. పెంటకుప్ప రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే, గంటకు 12 కిలోమీటర్ల చొప్పున రానూ పోనూ ఇరవై నిమిషాలు. అందుకే యంత్రాన్ని రోడ్డు మీద తిప్పకండి. ముందు రోజుల్లో మామూలు ట్రాలీలతో ఎరువు పొలం అంచుకు చేర్చి ఒకే పెద్ద కుప్ప పోయండి, దాని మీద పట్టా కప్పండి. చల్లే రోజున లోడర్‌ను కుప్ప దగ్గరే నిలబెడితే యంత్రం పొలంలోనే తిరుగుతుంది. లోడర్ లేకుండా తట్టలతో నింపిస్తే యంత్రం తెచ్చి ప్రయోజనం లేదు.

నాకున్నది ఎకరంన్నర, అదీ మూడు ముక్కలు. నాకు పనికొస్తుందా?

నిజం చెప్పాలంటే మీ ఒక్కరికే అయితే రాదు. మడి చివర తిరగడానికే చోటు చాలదు. గట్ల పక్క రైతులు నలుగురు కలిసి ఒకే రోజు పెట్టుకుంటే వేరే సంగతి. లేదంటే కుప్పల పద్ధతినే కొలతతో చేయండి. అటూ ఇటూ అయిదేసి మీటర్ల దూరంలో 25 కిలోల చిన్న కుప్పలు పోస్తే చదరపు మీటరుకు కిలో పడినట్టే, ఎకరాకు 160 కుప్పలు వస్తాయి. పోసిన రోజే చల్లించి, సాయంత్రానికి దున్నేస్తే యంత్రంతో చేసినదానికి ఏమీ తీసిపోదు.

ప్రమాదాలేమైనా ఉంటాయా?

పీటీవో షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. లుంగీ కొసో, తుండుగుడ్డో, చీర కొంగో తగిలితే మనిషి తేరుకునేలోపే లాగేస్తుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు లేని యంత్రాన్ని పొలంలోకి రానివ్వకండి. బీటర్ల మధ్య గడ్డి చిక్కితే ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే చేయి పెట్టాలి. ఎవరో ఒకరు ట్రాక్టర్ ఎక్కి పీటీవో వేయడం వల్లే ఘోరాలు జరుగుతాయి. వెనక పాతిక, ముప్పై మీటర్ల దాకా ఎవరూ ఉండకూడదు. పెంటలో రాయి, ఇటుక, గునపం ముక్క ఉంటే బీటరు దాన్ని తూటాలా విసురుతుంది. పిల్లలు చూడటానికి సరిగ్గా అక్కడికే చేరతారు.

యంత్రం ఎక్కువ కాలం నిలవాలంటే?

పేడ, మూత్రం ఇనుమును తినేస్తాయి. పని అయిన రోజే కడిగి, ఆరాక చైనుకు, బేరింగులకు గ్రీజు పెట్టండి. లోడుతో రాత్రంతా వదలొద్దు. ఎరువు దిగి గట్టిపడి పొద్దున చైను తెగుతుంది. ముందు బీటర్లు తిప్పి తర్వాత చైను వేయాలి, తిరగేసి చేస్తే ఎరువు బీటర్లకు అదిమి షియర్ బోల్టు (భారం ఎక్కువైతే ముందు తానే విరిగి యంత్రాన్ని కాపాడే బోల్టు) విరుగుతుంది. విరిగితే అదే రకం బోల్టే వేయండి. గట్టిదని లారీ బోల్టు వేస్తే, ఈసారి విరిగేది గేర్‌బాక్సు.

రాయితీ ఉంటుందా?

కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ కింద చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా రాయితీ పరిమితులున్నాయి. ఏ యంత్రానికి, ఎంత గరిష్ఠంగా అన్నది ఏటా వచ్చే జాబితాను బట్టి మారుతుంది. ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో మీ క్లస్టర్ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర అడిగి, మంజూరు కాగితం చేతికొచ్చాకే అడ్వాన్సు కట్టండి. ఏడాదికి నెల రోజులు కూడా పని ఉండని యంత్రం ఇది. ఒక్కరు కొనడం కన్నా రైతు సంఘమో, అద్దె కేంద్రమో కొంటేనే అప్పు తీరుతుంది.

అద్దెకు తెచ్చేటప్పుడు ఏం మాట్లాడుకోవాలి?

గంటకు మాట్లాడితే పని సాగదీస్తారు. లోడుకు మాట్లాడితే మందంగా చల్లి లోడ్లు పెంచుతారు. ఎకరాకు మాట్లాడటం మేలు, కానీ ఎకరాకు ఎన్ని టన్నులో ముందే చెప్పి, మొదటి మూడు సాళ్లయ్యాక పట్టా తూకం చూసుకుని సరిచేసేలా ఒప్పందం ఉండాలి. లోడర్ ఎవరిది, డీజిల్ ఎవరిది, రాయి తగిలి బీటర్ పళ్లు విరిగితే ఖర్చు ఎవరిది అన్నవి కూడా ముందే తేల్చుకోండి. ఆ చివరి దాని మీదే తగాదాలు ఎక్కువ. కాబట్టి కుప్ప తిరగేసేటప్పుడే రాళ్లు, తాళ్లు, పాత చెప్పులు ఏరించి పెట్టుకోండి.